తెల్లవారేసరికి సగమైన సొమ్ము: ముందే పసిగట్టగలమా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి బీటెక్ ఫీజు కోసం దాచిన సొమ్ములో రెండు లక్షలు బిట్‌కాయిన్‌లోనూ, మరో లక్ష రెండు చిన్న క్రిప్టో కాయిన్లలోనూ పెట్టాను. 2025 అక్టోబరులో ఒక శనివారం ఉదయం లేచి ఫోన్ చూసేసరికి చిన్న కాయిన్ల విలువ దాదాపు సగమైంది. ఇలాంటి కుదుపులను ముందే పసిగట్టే మార్గం ఉందా? స్టాప్‌లాస్ (ధర ఫలానా స్థాయికి దిగగానే అమ్మేయమని ముందే ఇచ్చే ఆదేశం) పెట్టుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీరు చూసినది అక్టోబరు 11 నాటి పతనం. చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం వేస్తామని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించినప్పుడు అక్కడ శుక్రవారం సాయంత్రం. మనకు తెల్లవారుజాము, అందరూ గాఢనిద్రలో ఉండే వేళ. అప్పటికే అక్కడి షేర్ మార్కెట్లు మూతపడ్డాయి కనుక, రాత్రీ పగలూ నడిచే క్రిప్టో మార్కెట్ మీదే ఆ భయమంతా పడింది. సొంతంగా పదివేలు పెట్టి పదింతల లివరేజీతో, అంటే మిగతాది అప్పుగా తీసుకుని, లక్ష రూపాయల కాయిన్లు కొన్నవాడికి, ధర పది శాతం తగ్గేలోపే పెట్టిన సొమ్మంతా హరించుకుపోతుంది. అతని కాయిన్లను ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే సంస్థ) తనంతట తానే అమ్మేస్తుంది, ఆ అమ్మకంతో ధర ఇంకాస్త దిగి పక్కవాడి వంతు వస్తుంది. ఆ ఒక్కరోజులో ఇలా బలవంతంగా మూసేసిన లివరేజీ లావాదేవీల విలువ 1,900 కోట్ల డాలర్లు దాటింది. కొనేవాళ్లు పలచగా ఉండే చిన్న కాయిన్లు ఎక్కువగా దెబ్బతిన్నది ఇందుకే.

ఈ ప్రకటన వస్తుందని ఏ చార్టూ చెప్పలేదు, చెప్పడం సాధ్యమూ కాదు. 2022 మేలో లూనా అనే కాయిన్ వారం రోజుల్లో చిల్లిగవ్వకు కొరగాకుండా పోవడానికి కారణం వేరు, అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ దివాలా తీయడానికి కారణం వేరు. 2024 జూలైలో మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో చోరీ అయినప్పుడైతే ధరతో పనే లేకుండా, ఖాతాదారులు తమ కాయిన్లను ఏడాదికి పైగా కదిలించలేకపోయారు. కాబట్టి కుదుపు ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలని ప్రయత్నించడం మాని, అది వచ్చిన రోజున తప్పనిసరిగా అమ్ముకోవలసిన అవస్థ మనకు లేకుండా చూసుకోవాలి. అంటే అప్పు చేసి కొనకూడదు, ఉన్నదంతా ఒకే ఎక్స్ఛేంజీలో ఉంచకూడదు, తేదీ ఖరారైన ఖర్చుకు దాచిన డబ్బును అసలే పెట్టకూడదు.

స్టాప్‌లాస్ మెల్లగా దిగే మార్కెట్‌లో పనికొస్తుంది, ఒక్కసారిగా కూలే మార్కెట్‌లో కాదు. వంద రూపాయలకు కొన్న కాయిన్‌కు తొంభై దగ్గర స్టాప్‌లాస్ పెట్టారనుకోండి. ఆ గడియలో కొనేవాడు అరవైకే దొరికితే మీ కాయిన్ అరవైకే పోతుంది. లిమిట్ ధర (ఇంతకంటే తక్కువకు అమ్మవద్దనే హద్దు) కూడా పెట్టి ఉంటే అసలు అమ్ముడే కాకపోవచ్చు. ఆ తెల్లవారుజామున చాలా కాయిన్లు కొద్ది గంటల్లోనే కొంత కోలుకున్నాయి. అట్టడుగున అమ్ముడుపోయిన వారికి ఆ ఊరట కూడా దక్కలేదు.

పన్ను సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంతో సర్దుబాటు చేసుకోనివ్వరు. చిన్న కాయిన్లలో లక్ష పోయి, బిట్‌కాయిన్‌లో లక్ష లాభం వచ్చినా మీరు 31,200 రూపాయలు కట్టాలి. ఒక కాయిన్‌ను మరొక కాయిన్‌లోకి మార్చుకున్నా అమ్మినట్టే లెక్క.

అమ్మాయి వచ్చే ఏడాది ఫీజుకు ఎంత కావాలో, అందుకోసం అమ్మితే పన్ను ఎంత పడుతుందో ముందుగా లెక్క వేసి, అంత మేరకు ఇప్పుడే అమ్మి బ్యాంకు డిపాజిట్‌లోకి మార్చండి. అక్కడ ఐదు లక్షల వరకు బీమా ఉంటుంది, క్రిప్టోకు అలాంటిది లేదు. మిగిలిన చిన్న కాయిన్లను ఉంచుకోవాలా వద్దా అన్నది ఫీజు కట్టిన తరువాత తీరిగ్గా ఆలోచించండి.