యుద్ధం రోజుల్లో పూడ్చిన వెండి కోసం మేం తవ్విన గోతులు

1942లో జపాన్ బాంబుల భయంతో ముత్తాత పెరట్లో వెండీ బంగారం పూడ్చిపెట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు, మెటల్ డిటెక్టర్ కొని వెతకొచ్చా, దొరికితే మాదేనా అని అడిగారు. అప్పుడే డిటెక్టర్ కొనకండి. మేం ఆ పని చేసి ఉన్నాం.

మాది కావలి దగ్గర సముద్రం వైపు ఊరు. మా ముత్తాతకి మద్రాసులో చిన్న బట్టల కొట్టు ఉండేది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాక మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకున్నారు. ఆయనా కొట్టుకి తాళమేసి రైలెక్కాడు. తీరా చూస్తే మా ఊరూ సముద్రం పక్కనే. ఇంట్లో వెండంతా ఇత్తడి బిందెలో పెట్టి పూడ్చి, అందర్నీ తీసుకుని ఉదయగిరి వైపు బంధువుల ఇంటికి పోయాడు. ఇంతవరకూ మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గుర్తు కూడా తెలుసు: వేపచెట్టుకి తూర్పుగా మూడు బారలు.

ఆ వేపచెట్టు 1989 కావలి తుపానుకి పడిపోయింది. మొదలు ఎక్కడుండేదో చూపించమంటే మా నాన్న ఒకచోట నిలబడ్డాడు, బాబాయి ఇంకోచోట నిలబడ్డాడు. మూడు బారలంటే ఎవరి బారలు? పైగా ఇల్లు బాగుచేసిన ప్రతిసారీ మెరక తోలించారు, అప్పటి నేల ఇప్పుడు మూడడుగుల కింద ఉంది. మామూలు డిటెక్టర్ నాణెం లాంటిదాన్ని అడుగు లోతులో పట్టడమే గొప్ప. బిందె అంత వస్తువైతే ఇంకొంచెం లోతుకి పోతుంది. మాది ఉప్పు నేల. తడిగా ఉంటే ఏమీ లేకపోయినా కూస్తుంది. రెండు రోజుల్లో దొరికినవి నాలుగు ఎద్దు నాడాలు, బొక్కెన చెవి, సైకిల్ బెల్లు మూత. పక్కింటివాళ్ళకి బోరు వేయిస్తున్నామని చెప్పాం, ఒక్కరూ నమ్మలేదు. రెండోరోజు సాయంత్రం ఎవరో నిమ్మకాయలతో దిగాడు, పూజ చేస్తే నిధి పైకొస్తుందట. ఇలాంటివాళ్ళని గుమ్మంలోంచే పంపించేయండి.

చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. మీకు అనుకూలమైన మాట కూడా అందులోనే ఉంది: పూడ్చి వందేళ్ళు దాటలేదని, పూడ్చినవాళ్ళ వారసులం మేమేనని ముందుకొస్తే, సివిల్ కోర్టులో తేల్చుకోవడానికి కలెక్టరు గడువిస్తారు. 1942కి ఇంకా వందేళ్ళు నిండలేదు కాబట్టి పాత ఉత్తరం, పద్దుల పుస్తకం ఏది ఉన్నా పారేయకండి. ఇదంతా మీ సొంత పెరడు గురించే. ఉదయగిరి దుర్గం కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి గజపతుల నుంచి తీసుకున్న కోట, అంత ముట్టడిలో ఏదో ఒకటి దాచకుండా ఉంటారా అని గడ్డపారలు పట్టుకుని ఎక్కేవాళ్ళున్నారు. అది వేరే కేసు, దాని జోలికి పోవద్దు.

మూడోరోజు పొద్దున మా పెద్దవ్వ, అంటే తాతవాళ్ళ అన్న భార్య, కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అప్పటికే తొంభై దాటిన మనిషి. గోతులు చూసి, "యాడ తవ్వతా ఉండారు అబ్బయా? అది ఎప్పుడో తీసేశాం గదా" అంది.

యుద్ధం నాటికి ఆమె ఆ ఇంటి కొత్త కోడలు. పూడ్చేటప్పుడు లాంతరు పట్టుకుంది ఆమే, తీసేటప్పుడు పట్టుకుందీ ఆమే. ముత్తాత తిరిగి మద్రాసు పోయాక ఒక రాత్రి మా ముత్తవ్వ బిందె తీయించిందట. మగవాళ్ళ చేతిలో పడితే కొట్టు పెట్టుబడిలో కలిసిపోతుందని. తర్వాత ముగ్గురు కూతుళ్ళకీ సారెల్లో కొంచెం కొంచెం సర్దేసింది.

"మరి ముత్తాత అడగలేదా?" అన్నాను.

"అడగతాడు గదా. భూమిలో ధనం కదలతాదంట, యాడికో జరిగిపోయుంటాదిలే అనింది మా అత్త. ఆయన నమ్మినాడు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "ఎవురడిగినారు?" అంది.

మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి. మీ తాతల చెల్లెళ్ళ ఇళ్ళకి కూడా ఫోన్ చేయండి. మా బిందెలో వెండిలో కందుకూరులో ఒక ఉగ్గుగిన్నె మిగిలింది, పోయిన నెల వెళ్ళి చూశాను. అంచుకి వేలెడంత సొట్ట ఉంది. ఆ రాత్రి చీకట్లో గడ్డపార తగిలిందట.