నర్సిమ్మ తప్పా, నరసింహ ఒప్పా?

సందేహం: మా నాయినను ఊళ్లో అందరూ నర్సిమ్మ అనేవారు. ఆయన పాసుపుస్తకంలో నర్సింహ అనీ, నా పదో తరగతి మెమోలో తండ్రి పేరు నరసింహులు అనీ, ఓటరు జాబితాలో నర్సింలు అనీ ఉంది. వీటిలో సరైనది ఏది? మేం పిలిచేది యాస వల్ల చెడిపోయిన రూపమా? ఇంకో సంగతి. మా మనుమడికి నక్షత్రాన్ని బట్టి ‘రూ’ అక్షరం వచ్చింది. ఋత్విక్ అని పెడదామనుకున్నాం. కోడలు రిత్విక్ అంటోంది. కొడుకేమో ఇంగ్లిషు స్పెల్లింగులో ఇంకో హెచ్ కలపాలంటున్నాడు. ఎలా రాయమంటారు?
– ఒక పాఠకుడు, హాలియా (నల్గొండ జిల్లా)

సమాధానం: చెడిపోయిన రూపం అన్న మాటను ముందు పక్కన పెట్టండి. నర్సిమ్మ అనేది తెలుగు నోటికి తగ్గట్టు కుదురుకున్న పేరు. అందులో జరిగినవి రెండే మార్పులు, రెండింటికీ లెక్క ఉంది.

మొదటిది, ‘ర’ మీది అచ్చు జారిపోవడం. మాట నడుమ ఉన్న పొట్టి అచ్చును మింగేయడం తెలుగువాళ్లకు ఎప్పటినుంచో అలవాటే. పలుకు పల్కు అవుతుంది, కలుగు కల్గు అవుతుంది, నిలుచు నిల్చు అవుతుంది. ఈ రూపాలు పద్యాల్లో కొల్లలుగా ఉన్నాయి. పల్కు అని రాసిన కవిని యాస మనిషి అని ఎవరూ అనలేదు. నర్సిమ్మ అన్న మీ నాయనమ్మను మాత్రం అంటారు!

ఇదంతా నిజాం కాలపు ఉర్దూ రాతకోతల ప్రభావం అని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఉర్దూ లిపిలో పొట్టి అచ్చులను మామూలుగా రాయరన్నది నిజమే. కాబట్టి పాత కాయితాల నుంచి తెలుగులోకి ఎత్తి రాసేవాళ్లు పేరు ముందే తెలియకపోతే తోచిన అచ్చు పెట్టుకోవలసిందే. కొన్ని పేర్లలో తికమక అలా వచ్చి ఉండొచ్చు. కానీ నర్సిమ్మకు ఆ లెక్క కుదరదు. గోదావరి జిల్లాలో నర్సాపురం ఉంది, విశాఖ వైపు నర్సీపట్నం ఉంది. ఆ సర్కారు జిల్లాలు 1766లోనే నిజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీకి పోయాయి. అక్కడా ‘నర్స’ అనే అన్నారు. మరి ఆ నేరం ఎవరిమీద మోపుతాం?

రెండో మార్పు, సింహలోని ‘హ’ పోయి మకారం ఒత్తు పడడం. బ్రహ్మంగారిని బ్రమ్మంగారు అనని ఊరు తెలుగునాట ఉందా? అదే దారిలో సింహ సిమ్మ అయింది. సింహకు ప్రాకృతం నుంచి వచ్చిన ఇంకో దారి కూడా ఉంది, అది సింగ. నర్సింగరావు, సింగయ్య అనే పేర్లు ఆ దారిలోవి. ఇది చదువురానివాళ్ల పలుకుబడి అనుకునేవాళ్లు ఒకసారి రాచకొండ దాకా వెళ్లి రావాలి. 14వ శతాబ్దిలో అక్కడ ఏలిన రేచర్ల పద్మనాయకుల్లో సింగభూపాలుడు ఉన్నాడు. సర్వజ్ఞుడని బిరుదు. రసార్ణవసుధాకరం అనే అలంకారశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రాసిన ఘనుడు. అంత సంస్కృతం వచ్చినవాడు తన పేరును సింహ అని దిద్దుకోలేదు, సింగగానే ఉంచుకున్నాడు. ఆ వంశంలోనే మాదానాయుడు ఉన్నాడు. ఆ ‘మాద’ మాధవుడే.

ఇక చివర వచ్చే ‘లు’. ఇది బహువచనం గుర్తే అయినా పేర్లలో గౌరవం కోసం వస్తుంది. రాములు, ఆంజనేయులు, పాలమూరు వైపు ఎక్కువగా వినిపించే చెన్నకేశవులు, అన్నీ ఆ కోవలోవే. కాబట్టి మీరు నాలుగు రూపాలన్నారు గానీ, నా లెక్కలో అవి రెండు జతలు. ఒకటి నర్సిమ్మ, నర్సింహ. రెండోది నర్సింలు, నరసింహులు. ప్రతి జతలోనూ ఒకటి నోటిది, ఒకటి కాయితానిది.

ఈ ‘లు’ ఎంత బలమైనదో చూడాలంటే మీకు దగ్గరి పేరే ఒకటుంది, సైదులు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ పక్క ఊళ్లలో జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు పెట్టే పేరు. హిందువుల ఇళ్లలోనూ సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి ఉంటారు. సయ్యద్ అరబ్బీ మాట. దాని చివర మన గౌరవ ‘లు’ వచ్చి కూర్చుంది. రాములును ఎలా చేసుకున్నామో సైదులునూ అలాగే చేసుకున్నాం. దీన్ని ‘శుద్ధి’ చేస్తామని ఎవరైనా బయల్దేరితే ఏం రాస్తారో నాకు చూడాలనుంది.

మిగతా పేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. లక్ష్మి ప్రాకృతంలోనే లచ్చి అయింది, పాత కావ్యాల్లోనూ లచ్చి ఉంది. కాబట్టి లచ్చయ్య, లచ్చమ్మ వేల ఏళ్ల నాటి దారిలో నడిచి వచ్చినవాళ్లే. కృష్ణలోని ‘ష్ణ’ తెలుగు నోట ‘ష్ట’ అవుతుంది, అందుకే కిష్టయ్య. నదిని కూడా కిష్టమ్మ అనే కదా అంటాం! భిక్షం పేరు మీ జిల్లాలో వాడకొకరికి ఉంటుంది. పుట్టిన పిల్లలు దక్కకపోతే, దేవుడు భిక్ష పెట్టిన బిడ్డ అని ఆ పేరు పెట్టేవారు. దాన్ని భిక్షం అనీ బిక్షం అనీ రెండు రకాలుగా రాస్తున్నారు. మామూలు మాటల్లో మనం వత్తులు పలకం కాబట్టి రెండోది చెవికి దగ్గరగా ఉంటుంది. కానీ ‘క్ష’ను ఉంచి ‘భ’లోని వత్తు ఒక్కటే తీసేయడం నాకు నచ్చదు. ఉంచితే రెండూ ఉంచి భిక్షం అని రాయాలి, లేదంటే తెలుగు దారి పూర్తిగా పట్టి బిచ్చం అనాలి.

అసలు గందరగోళం మొదలయ్యేది బడి రిజిస్టరులో. తండ్రి పిల్లవాణ్ణి తీసుకొచ్చి నిలబెడతాడు. “పేరేంది?” “లచ్చయ్య, సారు.” సారు తలెత్తకుండా లక్ష్మయ్య అని రాసుకుంటాడు. పక్కన తండ్రి పేరు నర్సిమ్మ అంటే నరసింహ అవుతుంది, ఆ రోజు సారుకు ఇంకాస్త గౌరవం పుడితే నరసింహులు అవుతుంది. దిద్దానని ఆయన సంతోషం. ఇరవై ఏళ్ల తర్వాత భూమి విరాసత్ (వారసత్వంగా తన పేరుకు మార్పించుకోవడం) కోసం తిరిగే కొడుకుకు టెన్షన్. చెప్పిన పేరును చెప్పినట్టు రాయడమే రాసేవాడి పని. మీ కాయితాల విషయానికి వస్తే, తెలుగు వ్యాకరణం తహసీలు ఆఫీసులో చెల్లదు. పట్టా మీద ఏ రూపం ఉందో దాన్నే పట్టుకుని, మిగిలినవాటిని ‘ఉర్ఫ్’ (అనగా, మరో పేరు) అని పెట్టి చూపించుకోవడం ఈ ప్రాంతంలో పాత పద్ధతే. ఆ ఉర్ఫ్ అన్న మాట మాత్రం నిజంగా ఉర్దూ కాయితాలు మనకిచ్చిందే.

ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్తే ఇంకో చిక్కు. ఎల్లయ్యను వై, ఇ, రెండు ఎల్లులు, ఏ, ఐ, ఏ, హెచ్ అని రాస్తాం. మొదట్లో వై ఎందుకంటే, మాట మొదటి ‘ఎ’ మన నోట ‘యె’గా వస్తుంది. చివరి హెచ్‌కు సొంత శబ్దమేమీ లేదు. ఈ స్పెల్లింగును మనవాళ్లు ఎవరైనా తడుముకోకుండా చదువుతారు. ఢిల్లీ ఎయిర్‌పోర్టు మైకులో “యెల్లాయా” అని పిలిస్తే మాత్రం మన ఎల్లయ్య కుర్చీలోంచి లేవడు. ఇప్పుడు దీనికి తోడు, ఇంగ్లిషులో కొడితే తెలుగు దానంతటదే వచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎస్, ఏ, ఐ కనపడగానే అవి షిరిడీ దాకా వెళ్లిపోయి, సైదులును సాయిదులు చేసినా ఆశ్చర్యం లేదు. అందుకే ఏ దరఖాస్తులోనైనా తెలుగు పేరును తెలుగులో విడిగా టైపు చేయించాలి.

ఇక మీ మనుమడు. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించే పురోహితుడు. మంచి పేరు. ‘ఋ’ను మనం ‘రు’ అని పలుకుతాం, హిందీవాళ్లు ‘రి’ అని పలుకుతారు. రెండూ వాళ్లవాళ్ల సంప్రదాయాలే, తప్పొప్పుల మాట లేదు. కానీ మీది తెలుగిల్లు. పైగా అక్షరం చూసి పెడుతున్నారు కాబట్టి కోడలికి ఒక మాట చెప్పండి. రూ, రే, రో, త స్వాతి నక్షత్రానివి. పే, పో, రా, రి చిత్తవి. రిత్విక్ అంటే పిల్లవాడి నక్షత్రం మారిపోతుంది! అమ్మలక్కలు ఎలాగూ రుత్తిగా అనే పిలుస్తారు, అందులోనూ ‘రు’ పదిలంగా ఉంటుంది.

హెచ్ సంగతి. ‘త’ కోసం టీ పక్కన హెచ్ పెట్టడం దక్షిణాది అలవాటు. లత, గీత, స్వాతి అందరికీ ఇక్కడ ఆ హెచ్ ఉంటుంది. టీ ఒక్కటే రాస్తే మనవాళ్లు ‘ట’ అని చదువుతారని భయం. ఆ హెచ్ పెట్టుకోండి. మీ అబ్బాయి కలపమనేది న్యూమరాలజీ హెచ్ అయితే మాత్రం వద్దు. ఆ పేరును తెలుగులో రాసి చూపమనండి, ఆ రెండో హెచ్‌కు చోటెక్కడో ఆయనే వెతుక్కుంటాడు. అదృష్టం సంగతేమో గానీ, పాస్‌పోర్టుకూ మెమోకూ పొంతన కుదరక తిరగడం మాత్రం ఖాయం.

తొట్టెల కార్డు వేయిస్తుంటే ఋత్విక్ అనే వేయించండి. రుత్విక్ అని రాసినా పలుకు మారదు, నాకు అభ్యంతరం లేదు. అయితే ప్రూఫు ఒకసారి కళ్లజోడు పెట్టుకుని చూడండి. కీబోర్డులో ఋ దొరకని డీటీపీ వాళ్లు ‘బు’ కొట్టి, పక్కన ఇంకో కొమ్ము తగిలించి సరిపెడుతుంటారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికి తెచ్చుకుంటే పిల్లవాడు బుత్విక్ అయి ఉంటాడు.