ఊళ్లో పాత కట్టడాల కోసం ఒక్కరే ఏం చేయగలరు? ముందు అవి ఎవరివో కనుక్కోండి

మీరు అడిగింది ఇదీ: మీ టౌన్లో గుడి పక్కన రంగు పూసేసిన శాసనం రాయి ఒకటి, కూలడానికి సిద్ధంగా ఉన్న పాత బంగళా ఒకటి, చెత్తతో పూడిపోయిన మెట్ల బావి ఒకటి ఉన్నాయి. ఎవరికీ పట్టడం లేదు. ఒక్కరే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆ మూడూ ఎవరివో తేల్చుకోండి. వాటి చరిత్ర ఎక్కడికీ పోదు, తర్వాత చదువుకోవచ్చు.

మాది రాజమండ్రి. కొందరు మిత్రులం ఆదివారాలు ఎండెక్కకముందే పాత వీధులు తిరిగొస్తుంటాం. పాతది ఏది కనిపించినా అది ఆర్కియాలజీ వాళ్లదే అని జనం అనుకుంటారు. మా ఊరినే చూడండి. హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది, 1900లో దాని మీద రైళ్లు నడిచాయి. 56 స్పాన్ల వంతెన. 1997లో రైళ్లు ఆగిపోయాయి. గోదారి గట్టు మీద నిలబడి ‘మన వంతెన’ అని మనం ఎంత అనుకున్నా అది రైల్వే ఆస్తి, దాని మీద ఒక మేకు కొట్టాలన్నా వాళ్లు ఒప్పుకోవాలి. పర్యాటకానికి వాడుకుందామనే మాట అన్నేళ్లు నలిగి నలిగి, 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన దాకా వచ్చింది. వీరేశలింగం గారి ఇల్లు పురావస్తు శాఖ చూస్తుంది. ఆయనే 1890లో కట్టించిన టౌన్‌హాలు నడిపేది వేరేవాళ్లు. తాటాకు ప్రతులున్న గౌతమీ గ్రంథాలయం గ్రంథాలయ శాఖది. మెయిన్ రోడ్డులో పెద్ద మసీదు ఉంది, దాని గుమ్మం మీద 1324 నాటి పారశీ శాసనం ఉంది. అక్కడ రోజూ నమాజు జరుగుతుంది కాబట్టి మసీదు పెద్దలతో మాట్లాడకుండా ఫోటో కూడా తీయకూడదు. ఒకే ఊళ్లో ఇంతమంది యజమానులు. ఒకరికి రాయాల్సిన అర్జీ ఇంకొకరికి రాస్తే అది బల్లలు మారుతూ ఉంటుందే తప్ప పని జరగదు. మేం పంపిన కాగితం ఒక ఆఫీసు నుంచి ‘మా పరిధిలోకి రాదు’ అనే ఒక్క లైనుతో తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

కనుక్కోవడం కష్టమేం కాదు. వార్డు సచివాలయంలో సర్వే నంబరు అడగండి. ప్రైవేటు స్థలమైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి. గుడి ఎండోమెంట్స్ (దేవాదాయ శాఖ) కింద ఉందో లేదో ఆ శాఖ ఈవో గారు చెప్తారు. ఎవరూ చెప్పకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘ఈ కట్టడం రక్షిత జాబితాలో ఉందా?’ అని ఒక్క ప్రశ్నే అడగండి, జవాబు త్వరగా వస్తుంది. కేంద్ర జాబితాలో ఉంటే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది: చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఆంధ్రలో అయితే రాష్ట్ర జాబితాకు 1960 నాటి చట్టం ఉంది. రెండింట్లోనూ లేదంటే ఆ కట్టడానికి దిక్కు యజమానే. చిన్న టౌన్లలో ఎక్కువ భాగం ఈ మూడో రకమే, కాబట్టి చట్టం మీద మరీ ఆశ పెట్టుకోకండి.

ఇక శాసనం రాయి. మీ మూడింట్లో తేలిగ్గా పని జరిగేది, ఫలితం కనిపించేది ఇదే. మా దగ్గర్లో ఒక పల్లెలో అచ్చం ఇలాంటి రాయే ఉండేది. ధ్వజస్తంభం పక్కన నడుము ఎత్తు బండ, దాని మీద నీలం ఎనామిల్ రంగు, ఆపైన పసుపు, బొట్లు. ధర్మకర్తను అడిగితే ‘పండక్కి అంతా రంగేస్తూ దానికీ వేయించామండి, ఆయ్’ అన్నారు. అందులో ఆయన తప్పేం లేదు. అది చదవదగ్గ రాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రంగు గీకబోకండి. థిన్నర్, ఆసిడ్, వైర్ బ్రష్ ఏవీ వద్దు, రంగుతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. అక్షరాల్లో సుద్ద, పిండి కూడా రుద్దకండి. పొద్దువాలాక వెళ్లి టార్చి లైటు రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాయికి ఆనించి పట్టుకోండి. పగలు నున్నగా కనిపించిన బండ మీద వరసలు వరసలుగా గుంటలు తేలతాయి. లైటు ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి పట్టి ఫోన్‌తో ఫోటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి, కొలత తెలుస్తుంది.

లిపి రాకపోయినా ఫర్వాలేదు. మన జిల్లాల శాసనాలు చాలావాటిని బ్రిటిష్ కాలంలోనే రాయి మీద కాగితం అద్ది నకలు తీసి చదివేశారు. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాల్లో, ముఖ్యంగా 10వ దానిలో, తెలుగు శాసనాలు ఊరి పేరుతో సహా ఉంటాయి. అవి నెట్‌లో దొరుకుతాయి. పాత స్పెల్లింగుల్లో వెతకాలి, అదొక్కటే చిరాకు. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1821లో పోయేలోపు ఊరూరా రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, ఇంకో గని. కరణాలు చెప్పిన కథలు అందులో చాలా ఉన్నాయి కాబట్టి ప్రతిదీ నమ్మక్కర్లేదు, కానీ మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారని జనం అనుకునేవారో అక్కడ దొరకొచ్చు.

మేం ఆ పల్లె రాయి పాఠం వెతికి, వాడుక భాషలో అర పేజీ రాసి ధర్మకర్త చేతికిచ్చాం. స్వామి ముందు అఖండ దీపం వెలగడానికి ఎవరో గొర్రెల్ని దానమిచ్చిన సంగతి అది. అలాంటి దానాలు ఆ కాలంలో మామూలే, చరిత్రకారులకు అదేం పెద్ద విశేషం కాదు. కానీ ఆయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకు పెట్టించారు. ఆ రాయికి మళ్లీ రంగు పడలేదు. మేం ఎన్ని అర్జీలు పెట్టినా ఇంత పని జరిగేది కాదు.

బంగళా సంగతి కొంచెం చేదు. అది మునిసిపాలిటీదైతే పెద్ద కోరికలు కోరకండి. ‘హెరిటేజ్ సెంటర్ చేయండి’ అంటే నిధుల్లేవంటారు. ‘వానలకు ముందే గోడ మీద రావి మొక్కలు పీకించండి’ అని రాయండి, పని అయ్యే అవకాశం ఎక్కువ. రావి మొక్కను పైపైన నరికితే మరింత బలంగా లేస్తుంది, ఒకటి రెండేళ్లు ఆగితే వేరు ఇటుకల మధ్య దూరి గోడనే విడదీస్తుంది. చిన్నప్పుడే వేరుతో సహా తీయాలి. రావిని కొట్టడానికి కూలీలు జంకితే పూజారి గారితో మాట్లాడి వేరేచోట నాటిస్తామని చెప్పండి, ఒప్పుకుంటారు. ఇంకొకటి, పాత సున్నం గోడకు సిమెంటు పూత వేయనివ్వకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుకను తినేస్తుంది. గానుగ సున్నం (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతకాలి.

ఒకవేళ అది ప్రైవేటుదైతే అన్నదమ్ముల వాటాల్లో ఉండే ఉంటుంది. మా వైపు మండువా లోగిళ్లు (నడిమధ్య పైకప్పు లేని వాకిలి ఉండే పాత ఇళ్లు) పోయింది ఎక్కువగా అందుకే. నలుగురు వారసులు, ఒక ఇల్లు, అందులో ఇద్దరు హైదరాబాద్‌లో. టేకు స్తంభాలు, తలుపులు కొనేవాళ్లు ముందే బేరమాడి ఉంటారు. పడగొట్టొద్దని చెప్పే హక్కు మనకు లేదు, రిపేరు ఖర్చు మనం పెట్టుకోం కదా. మర్యాదగా వెళ్లి, పడగొట్టే ముందు ఒక పూట లోపలికి రానివ్వమని అడగండి. టేపుతో గదులు కొలిచి కాగితం మీద ప్లాను గీయండి. తలుపు చెక్కడాలు, పైకప్పు, వంటిల్లు ఫోటోలు తీయండి. ఆ ఇంటి పెద్దావిడ ఉంటే ఆవిణ్ని కూర్చోబెట్టి ఏ గది దేనికి వాడేవారో చెప్పించి రికార్డు చేయండి. ఇందుకు కాదన్న ఇంటివాళ్లు మాకు అరుదుగా తగిలారు.

బావిని మాత్రం చివరికి పెట్టుకోండి. హైదరాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావిని శుభ్రం చేసి 2022లో తెరిచాక ప్రతి ఊళ్లోనూ కుర్రాళ్లకు ఉత్సాహం వచ్చింది, మంచిదే. అయితే అక్కడ నగరపాలక సంస్థ, తెలిసిన సంస్థ కలిసి చేశారు. పూడిపోయిన బావిలో విషవాయువు ఉంటుంది, దిగినవాళ్లు ఊపిరాడక పోతారు. మీ మిత్రుల్ని దింపకండి. మునిసిపల్ కమిషనర్‌కు రాసి, పరికరాలున్న సిబ్బందితోనే పూడిక తీయించండి. తీసిన మట్టిని అదే రోజు లారీకి ఎత్తనివ్వకుండా పక్కన ఆరబెట్టించి చూడండి, విగ్రహాలో నాణేలో ఉండొచ్చు. ఏదైనా దొరికితే పంచనామా రాయించి కలెక్టర్‌కు తెలియజేయాలి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం (ట్రెజర్ ట్రోవ్) ఇంకా అమల్లోనే ఉంది, ఇంట్లో దాచుకుంటే కేసవుతుంది.