బరంపురం చీరల మెయిళ్లు స్పామ్‌లోంచి ఎలా బయటపడ్డాయంటే

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా, జీడిపప్పు వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టాం, పండగ ఆఫర్ల మెయిళ్లు పంపితే సగం మందికి స్పామ్‌లో పడుతున్నాయి, సబ్జెక్టులోంచి 'ఆఫర్', 'ఉచితం' లాంటి మాటలు తీసేస్తే సరిపోతుందా అని. సరిపోదండి. నేనూ మొదట అదే చేసి నెల రోజులు పోగొట్టుకున్నాను.

మాది బరంపురంలో పట్టుచీరల కొట్టు. తాతల నాటి నుంచి మగ్గాల ఇల్లు. ఇంట్లో తెలుగు, బజారుకెళ్తే ఒడియా. ఊళ్లో కొనేవాళ్లకి వాట్సాప్ చాలు. మెయిలుతో పని పడేది విశాఖ, హైదరాబాదు, అమెరికాల్లో ఉన్న మనవాళ్లతోనే.

మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడు అమ్మకాలు జోరుగా ఉంటాయని ఒక ఏజెంటు దగ్గర కొన్ని వేల మెయిల్ అడ్రసులు కొన్నాను. ఎగ్జిబిషన్‌లో మా స్టాలు పుస్తకంలో జనం రాసి వెళ్లినవి కూడా వాటిలో కలిపేశాను. ఒక్క సాయంత్రంలో అందరికీ పంపాను. తెల్లారేసరికి ఆ అడ్రసులు లేవంటూ కుప్పలుగా తిరిగొచ్చాయి. సరే, కొన్ని పోతే పోయాయి అనుకున్నాను. వారం తర్వాత హైదరాబాదు నుంచి ఒక పిన్నిగారు ఫోన్ చేశారు. కూతురి పెళ్లి చీరలకి ముందే డబ్బు కట్టినావిడ. "పది రోజులైంది బాబూ, రసీదు లేదు, పార్సిల్ కబురు లేదు, అసలు మీ కొట్టు ఉందా?" అన్నారు. రసీదూ పంపాం, పార్సిల్ నంబరూ పంపాం. రెండూ ఆవిడ స్పామ్‌లో ఉన్నాయి. ఆవిడ గొంతులో అనుమానం విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

నేను గ్రహించనిది ఏమిటంటే, జీమెయిల్ లాంటివి ఒక్కో మెయిలుని విడిగా చూసి వదిలెయ్యవు. పంపిన డొమైన్‌కి, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరుకి, ఒక పేరుప్రతిష్ఠ లెక్క ఉంటుంది. లేని అడ్రసులకి పంపినా, అందుకున్నవాళ్లు 'స్పామ్' అని నొక్కినా ఆ లెక్కలోంచే కోత. ఆఫర్లూ రసీదులూ ఒకే డొమైన్ నుంచి వెళ్తే ఆఫర్ల పాపం రసీదులకి చుట్టుకుంటుంది.

సెట్టింగుల సంగతి త్వరగా చెప్పేస్తాను, అది ఒక పూట పని. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాల్సిందే. మీరు 300 పంపినా మూడూ పెట్టుకోండి. మీ డొమైన్ పేరుతో పంపే హక్కు ఏయే సర్వర్లకి ఉందో చెప్పేది ఎస్‌పీఎఫ్. మెయిలు మీద వేసే సంతకం డీకిమ్. ఈ రెండూ తప్పితే ఆ మెయిలుని ఏం చేయాలో అవతలివాళ్లకి చెప్పేది డీమార్క్. మా దగ్గర దొరికిన తప్పు: వెబ్‌సైటు పెట్టిన కుర్రాడు డొమైన్ సెట్టింగుల్లో ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు (ఆ సర్వర్ల పేర్లు రాసే వరుస) వేశాడు, మెయిళ్ల సర్వీసు కోసం నేను ఇంకోటి వేశాను. ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండుంటే మొత్తం ఎస్‌పీఎఫ్ చెల్లదు. రెండింటినీ ఒకే వరుసలో కలపాలి. ఇంకోటి, ఆఫర్లు పంపే సర్వీసులో 'నుంచి' అన్నచోట మీ మామూలు జీమెయిల్ అడ్రసు పెట్టకండి, సొంత డొమైన్ అడ్రసే పెట్టండి. అంతా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మీకే ఒక మెయిలు పంపుకుని, కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. మూడింటి పక్కనా 'పాస్' అని ఉండాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా మా మెయిళ్లు నేరుగా స్పామ్‌లోకే పోయాయి. ఈ మూడూ మనం ఎవరిమో రుజువు చేస్తాయి, అంతే. మన మెయిలు అవతలివాళ్లకి కావాలో వద్దో అవి చెప్పలేవు.

అసలు రోగం లిస్టులో ఉంది. కొన్న అడ్రసులన్నీ ఆ రోజే చెరిపేశాను, డబ్బు పోయినా సరే. ఎగ్జిబిషన్ పుస్తకంలోవి చెరపడానికి మాత్రం మనసొప్పలేదు, వాళ్లు స్వయంగా రాసినవే కదా అని. కానీ వాళ్లు రాసింది చీర బాగుందని చెప్పడానికి, ఆఫర్లు పంపమని కాదు. మా ఊళ్లో యాత్రకి దేశిబెహరా ఇంటివాళ్లు అమ్మవారినే పిలిచి పుట్టింటికి తీసుకొస్తారు. మనమేమో పిలవని గుమ్మంలోకి పోతున్నాం. అవీ తీసేశాను. ఆ తర్వాత ఏడాదిగా ఒక్క మెయిలూ తెరవనివాళ్ల పేర్లూ తీసేశాను. లిస్టు నాలుగో వంతుకి పడిపోయింది.

ఆఫర్లకి వేరే సబ్‌డొమైన్ (మన డొమైన్ పేరుకి ముందు ఇంకో మాట, చుక్క చేర్చిన పేరు) పెట్టి, రసీదులు పాత దాని మీదే ఉంచాను. మూడు నెలల్లోపు కొన్నవాళ్లకి, అదీ రోజుకి 40 మందికి మించకుండా మొదలుపెట్టాను. వాళ్లు తెరుస్తారు, జవాబిస్తారు, "ఈ రంగులో కుంభం అంచు ఉందా?" అని అడుగుతారు. వారం వారం కొద్దికొద్దిగా పెంచాను. రసీదులు రెండు నెలల్లో ఇన్‌బాక్స్‌కి వచ్చాయి, ఆఫర్లకి ఇంకా ఎక్కువే పట్టింది. ఈ మధ్యలో పండగొచ్చినా తొందరపడి అందరికీ ఒక్కసారే పంపకండి, మళ్లీ మొదటికొస్తుంది.

'ఇక వద్దు' అనే లింకు మెయిల్లో పైనే, కనబడేలా పెట్టండి. ఒక్క నొక్కుతో అయిపోవాలి, రెండు రోజుల్లో పేరు తీసెయ్యాలి. అది దొరక్కపోతే జనం 'స్పామ్' నొక్కుతారు. అలా నొక్కేవాళ్లకి జీమెయిల్ చెప్పే హద్దు 0.3 శాతం, 0.1 లోపే ఉంచుకోమంటుంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే హద్దు మీద ఉన్నట్టే. ఈ లెక్క మెయిళ్లు పంపేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఉచితంగా చూడొచ్చు, కాకపోతే తక్కువ మెయిళ్లు పంపేవాళ్లకి అక్కడ తరచుగా ఖాళీగానే ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ శాతం ఇన్‌బాక్స్‌కి చేరిన మెయిళ్ల మీద కడతారు. అన్నీ స్పామ్‌లోకే పోతున్నప్పుడు అది సున్నా చూపిస్తుంది, దాన్ని చూసి సంబరపడకండి.

'ప్రమోషన్స్' ట్యాబులో పడటం స్పామ్ కాదు, దాని గురించి బెంగ వద్దు. మొత్తం మెయిలుని ఒకే పెద్ద పోస్టరు బొమ్మగా పంపడం మాత్రం మానండి. నాలుగు వాక్యాలు తెలుగులో రాసి, కింద ఒకటో రెండో ఫొటోలు పెట్టండి. మావి అలాగే వెళ్తున్నాయి, చేరుతున్నాయి.

ముందు మీ డొమైన్‌లో ఎస్‌పీఎఫ్ రికార్డులు ఎన్నున్నాయో, మీ లిస్టులో ఎంతమంది నిజంగా మీ దగ్గర జీడిపప్పు కొన్నారో చూసి ఇక్కడే రాయండి. ఎంతమందితో మొదలుపెట్టాలో అప్పుడు చెప్తాను.