కళ్ళు రోడ్డు మీదున్నవాడికి కథ చెప్పాలంటే

తమ్ముడూ,

నువ్వే చదివి రికార్డు చేసి పంపిన థ్రిల్లర్ మొత్తం కారులోనే విన్నాను. రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజి, రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా. కథలో సత్తా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లొల్ల లాకుల దగ్గర ఎదురుగా వరిగడ్డి ట్రాక్టర్ వచ్చింది. ఆ కాలవగట్టు రోడ్డు సంగతి నీకు తెలుసు కదా. కారు పక్కకి తీసి, ట్రాక్టర్ దాటేదాకా నా ధ్యాసంతా చక్రాల మీదే. సరిగ్గా అప్పుడే నీ కథలో తాళంచెవి చేతులు మారిందట! ఆ ముక్క నాకు అమలాపురం దాటాక గానీ అర్థం కాలేదు. పుస్తకమైతే పేజీ వెనక్కి తిప్పుతాం. స్టీరింగ్ పట్టుకున్నవాడు ఫోన్ ముట్టుకోకూడదు. అందుకని, కథకి ప్రాణమైన వస్తువు రెండోసారి కూడా వినపడాలి, ఇంకొకరి నోట, ఇంకేదో పని మధ్యలో. బుర్రకథలో కథకుడి పక్కన పాడే వంతలు మధ్యమధ్య ప్రశ్నలు వేసి కథకుడి చేత మళ్ళీ చెప్పిస్తారు. కాసేపు కునుకు తీసి లేచినవాడికి కూడా కథ తెగకుండా ఉండేది అందుకే.

రవి, రాజు, రఘు అని ముగ్గురికి పేర్లు పెట్టావు. చెవిలో ముగ్గురూ ఒకడే అయిపోయారు. పేర్లు మార్చు. మన వైపు మనిషిని పిలుపే పట్టిస్తుంది: ఒకడు ప్రతి మాటకీ "ఆయ్" అంటాడు, ఇంకొకడికి ఎంతటివాడైనా "ఏరా"నే. పెద్ద డైలాగంతా అయ్యాక "అన్నాడు రఘు" అంటే ఆలస్యమైపోయినట్టే, మాట్లాడేదెవరో ముందే తెలియాలి. వెనకాల ఆ మ్యూజిక్ కూడా తీసెయ్.

ఇక అసలు సంగతి. హంతకుడు సంచి కాలవలో పడేశాడన్న విషయం చివరి అధ్యాయం దాకా దాచావు. దాస్తే ఆశ్చర్యం వస్తుంది, అది ఒక్క క్షణం. టెన్షన్ కావాలంటే ముందే చెప్పెయ్యాలి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారని డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నీళ్ళు తగ్గేకొద్దీ పగిలిన కుండలు, తెగిన చెప్పులు, ఎండిన గుర్రపుడెక్క, అడుగున ఉన్నవన్నీ బయటపడతాయి. సంక్రాంతికి సంచి పడేశాడని మొదట్లోనే నాకు చెప్పు. తర్వాత టీ కొట్టు దగ్గర ఎవరో "ఈ ఏడు కాలవ ముందే కట్టేస్తారంట" అన్నారనుకో, హంతకుడు సగం టీ వదిలేసి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోతే చాలు. గుండె దడదడ గురించి ఒక్క వాక్యం అక్కర్లేదు. అక్కణ్ణించి నీ కథలో తారీకు మారినప్పుడల్లా నాకు కంగారే. ఇంత మంచి గడువు మన నీళ్ళే నీకు ఇస్తుంటే, కథలో ఆ బాంబు టైమర్ పెట్టడం ఎందుకయ్యా?

సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లనీ మనుషుల్నీ గోదారి దాటించే పడవ, ఎక్కే అధ్యాయం నాకు బాగా నచ్చింది. పంటు గోదారి మధ్యలో ఉండగా ఎవరూ దిగిపోలేరు, ఆ చోటు ఎంచుకోవడంలోనే నీ తెలివి కనపడింది. కానీ అక్కడ సూర్యాస్తమయం ఎక్కువైంది. వినేవాడు హెల్మెట్ తియ్యని ఆ మనిషి కోసమే చూస్తుంటాడు. ఇంజను మోత, డబ్బులు అడిగే గొంతు, బండి స్టాండు ఇనపరేకు మీద రాసుకున్న చప్పుడు, ఇవి ఉంచి మిగతావి కొట్టెయ్.

తిరగరాశాక మైకు ముందు కూర్చోకు. మీ అమ్మగారు కూర తరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని చదివి వినిపించు. "ఇంతకీ వీడెవడ్రా?" అని ఆవిడ అడిగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ముందు ఆ చోట్లు బాగుచెయ్యి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య