సమాధానం: లాటిన్ పూజ, ఇద్దరు చిన్నపిల్లలు, రెండు గంటల డ్రైవ్

చెల్లెమ్మా, టెక్సాస్‌లో మీ ఇంటి నుంచి లాటిన్ పూజకు, అంటే పాత పద్ధతిలో లాటిన్‌లో జరిగే కతోలిక పూజకు, రెండు గంటల దారి, చంటిపాప, నాలుగేళ్ల బాబు, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) కోసం అర్ధరాత్రి నుంచి ఉపవాసం, ఒక్క వారం మానితే పాపమేమోనని టెన్షన్ అని రాశారు. పూజ పద్ధతిలో మార్పులకు దారితీసిన రెండో వాటికన్ మహాసభ మీద వాదనలు చదివితే ఈ టెన్షన్ తగ్గదు. మా పిల్లలు చిన్నప్పుడు నేనూ రాత్రుళ్లు అవే చదివాను. తెల్లారి ఐదింటికి నిద్రపోతున్న పిల్లను కారు సీట్లో పెట్టి బెల్టు బిగిస్తుంటే వాటిలో ఒక్క ముక్కా అక్కరకు రాలేదు.

ముందు ఉపవాసం సంగతి. పోప్ పన్నెండో పయస్ 1957లోనే దాన్ని మూడు గంటలకు తగ్గించారు, ఆరో పాల్ 1964లో గంటకు తెచ్చారు. పాలిచ్చే తల్లివి, రెండు ఇడ్లీలు తిని బయల్దేరండి. సత్ప్రసాదం అందుకునేలోపు దారిలోనే ఆ గంట దాటిపోతుంది.

పసిపిల్లల సంరక్షణ ఆదివారం పూజకు రాలేకపోవడానికి తగిన కారణమని కతోలిక బోధనల గ్రంథమైన శ్రీసభ సత్యోపదేశం 2181వ పేరాలో స్పష్టంగా ఉంది. పాపకు జ్వరమొస్తే నిశ్చింతగా ఇంట్లో ఉండండి. బాబుకు ఏడేళ్లు నిండేదాకా ఆదివారం పూజకు తప్పక రావాలన్న నియమమే వర్తించదు.

మిగతా వారాల్లో దగ్గరి విచారణ గుడికి, అంటే మీ ప్రాంతపు మామూలు కతోలిక గుడికి వెళ్లండి, శనివారం సాయంత్రం పూజైనా చెల్లుతుంది. లాటిన్ పూజకు నెలకోసారి వెళ్లినా చాలు. మీవారు ఒప్పుకోకపోతే అక్కడి ఫాదర్ గారినే అడగమనండి. వెళ్లినప్పుడు తలుపు పక్క బెంచీలో కూర్చోండి, పాప ఏడిస్తే బయటికి తీసుకెళ్లడం తేలిక.