లవ్ బర్డ్స్‌ని బయట వదిలేస్తే మన దగ్గర బతుకుతాయా?

ఇల్లు మారుతున్నాం, రెండు లవ్ బర్డ్స్ ఉన్నాయి, వదిలేస్తే బయట బతికి పిల్లలు పెడతాయా అని అడిగారు. దయచేసి వదలకండి. నేను ఆ తప్పు చేశాను.

మాది నల్లగొండ. పాప అడిగిందని ఒక జత కొన్నాం, ఒకటి పసుపు, ఇంకోటి ఆకుపచ్చ. పంజరంలో చూస్తుంటే పాపం అనిపించి, ఒక ఆదివారం పొద్దున డాబా మీదికి తీసుకెళ్లి తలుపు తెరిచాను. ఆకుపచ్చది ఎదురింటి వేపచెట్టులోకి ఎగిరిపోయింది. పసుపుది పిట్టగోడ మీదే కూర్చుంది. ఎటు పోవాలో దానికి తెలియలేదు. అంతలోనే కాకులు చేరాయి. నేను అదిలించేలోపే ఒకటి దాన్ని ముక్కున కరుచుకుని కరెంటు స్తంభం మీద వాలింది. గోడ మీద మూడు పసుపు ఈకలు మిగిలాయి. పాప ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆకుపచ్చది మూడో రోజు వీధి చివర కిరాణా కొట్టు ముందు దొరికింది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకునేంత చిక్కిపోయింది. కొర్రలు పోసినా తినలేదు, రాత్రికే పోయింది.

మన ఎండకు చచ్చిపోతాయని చాలామంది అంటారు. అది కారణం కాదు. లవ్ బర్డ్స్ అని మనకు అమ్మేవి ఎక్కువగా బడ్జెరిగార్లు, వాటి సొంత దేశం ఆస్ట్రేలియాలో ఎండలూ కరువులూ మనకంటే తక్కువేం కాదు. కానీ అక్కడ అవి పెద్ద పెద్ద గుంపులుగా, వానలు పడ్డ చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. గిన్నెలో గింజలు తిని పెరిగిన జతకు గుంపూ లేదు, డేగను చూసి దాక్కోవడమూ రాదు.

అలాగని పరాయి పక్షి ఎక్కడా నిలదొక్కుకోదని కాదు. మన రామచిలుకలు 1969 నుంచి ఇంగ్లండ్‌లో బయట పిల్లలు పెడుతున్నాయి. లండన్ పార్కుల్లో పాత చెట్ల తొర్రలున్నాయి, జనం పెరళ్లలో గింజలు పెడతారు. పైగా హిమాలయాల దిగువన కూడా ఉండే జాతి కాబట్టి చలికీ తట్టుకుంటుంది. పురుగులు తింటుందని మన గోరింకను 1862లో మెల్‌బోర్న్‌లో వదిలారు. ఇప్పుడది అక్కడి చిలుకలను తొర్రల్లోంచి తరిమేస్తోంది. ప్రపంచంలో అతి హానికర చొరబాటు జాతులు నూరింటి జాబితాలో గోరింకా, మన పిగిలిపిట్టా రెండూ ఉన్నాయి. రేపు తొర్రల్లో గుడ్లు పెట్టే ఏ పరాయి పక్షి ఇక్కడ స్థిరపడినా, ఇప్పటికే పాత చెట్లు కరువైన మన ఊళ్లలో తొర్ర పోగొట్టుకునేది మన రామచిలుకే.

మీ జతను పెంచుకునేవాళ్లకు ఇవ్వండి, ఏ గింజలు తింటాయో చెప్పి పంజరంతో సహా. ఎవరి దగ్గరైనా రామచిలుక ఉంటే మాత్రం అది వేరే సంగతి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, అటవీ శాఖకు అప్పగించాలి. మీరు నల్లగొండ, మిర్యాలగూడ వైపు వాళ్లయితే చెప్పండి, మీ జతను తీసుకునే ఇల్లు నేను వెతికి పెడతాను.